పటికలో నాలుగో స్థిరాంకం

పటికను నీళ్లలో కరిగించి, అందులో దారం వేలాడదీసి, కొన్నాళ్లు కదపకుండా ఉంచితే ఎనిమిది ముఖాల స్ఫటికం పెరుగుతుంది. ఈ కొస నుంచి ఆ కొస దాకా అణువులు ఒకే క్రమంలో అమరిన ఏకస్ఫటికం అది. దాన్ని ఒక పక్క నుంచి నొక్కి, ధ్రువిత కాంతిని లోపలికి పంపితే ఆ కాంతి నడక మారుతుంది. ఏ దిశలో నొక్కితే ఎంత మారుతుందో పూర్తిగా చెప్పడానికి ఎన్ని స్థిరాంకాలు కావాలి?

జర్మన్ భౌతిక శాస్త్రవేత్త పాకెల్స్ 1890 ప్రాంతంలో ఈ లెక్క కట్టాడు. పటిక చేరే ఘన (క్యూబిక్) వ్యవస్థలోని స్ఫటికాలన్నిటికీ మూడు చాలన్నాడు. అర్ధ శతాబ్దం పాటు ఆ మాటే నిలిచింది. 1942లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి సూరి భగవంతం దాన్ని సరిదిద్దారు. ఘన వ్యవస్థలో సౌష్ఠవాన్ని బట్టి తరగతులు ఐదు. వాటిలో రెండింటికి నాలుగు స్థిరాంకాలు ఉండాలని చూపారు. పటిక ఆ రెండింట్లో ఒక తరగతిది.

భగవంతం 1909లో ఆగిరిపల్లిలో పుట్టారు. హైదరాబాదు నిజాం కాలేజీలో చదివి, కలకత్తాలో సి.వి.రామన్ దగ్గర పనిచేసి వాల్తేరు చేరారు. ఆయన పట్టుకున్న సాధనం గ్రూప్ థియరీ. స్ఫటికాన్ని ఏయే విధాలుగా తిప్పితే మళ్లీ మునుపటిలాగే కనిపిస్తుందో ముందు రాసుకోవాలి. ఆ సౌష్ఠవానికి విరుద్ధమైన స్థిరాంకాలు వాటంతటవే రాలిపోతాయి. పటికను తొంభై డిగ్రీలు తిప్పితే లోపలి అమరిక మునుపటిలా ఉండదు. అందుకే పైనుంచి నొక్కినప్పుడు కుడి ఎడమల దిశలో వచ్చే మార్పూ, ముందు వెనకల దిశలో వచ్చే మార్పూ సమానం కానక్కర్లేదు. నాలుగో స్థిరాంకం పుట్టేది అక్కడే. తర్వాత సూర్యనారాయణతో కలిసి బేరియం నైట్రేట్ స్ఫటికాలను నొక్కి చూసి, కాగితం మీది లెక్కను ప్రయోగంతో రుజువు చేశారు. కాగితం మీద కట్టిన లెక్కను చేత్తో పెంచిన స్ఫటికం నిజం చేయడం కన్నా అందమైన ఘట్టం మన భౌతిక శాస్త్ర చరిత్రలో నాకు కనబడదు.

విద్యుత్తుకూ ఇదే సూత్రం. నొక్కితే విద్యుత్తు పుట్టే గుణాన్ని క్యూరీ సోదరులు 1880లో కనుగొన్నారు. మొత్తం 32 స్ఫటిక తరగతుల్లో ఆ గుణానికి చోటున్నవి 20. క్వార్ట్జ్‌కు ఉంది కనుకే గడియారంలో కూర్చుంది. పటికకు సౌష్ఠవ కేంద్రం ఉంది కాబట్టి ఎంత నొక్కినా విద్యుత్తు రాదు.

హైదరాబాదు శివారు చెంగిచెర్ల నుంచి ఉప్పల్, హబ్సిగూడ మీదుగా తార్నాక చేరితే ఉస్మానియా విశ్వవిద్యాలయం. తర్వాతి కాలంలో భగవంతం ఇక్కడికొచ్చి, 1952 నుంచి 1957 దాకా ఉపకులపతిగా ఉన్నారు. పరిశోధనలో ఆయన దారిలో నడిచిన ఉస్మానియా ఆచార్యుడు టి.ఎస్.నరసింహమూర్తి స్ఫటికాల్లో పీడనం, విద్యుత్ క్షేత్రం కాంతిని ఎలా మారుస్తాయో వివరిస్తూ పెద్ద గ్రంథం రాశారు. 1981లో న్యూయార్క్‌లోని ప్లీనమ్ ప్రెస్ దాన్ని అచ్చువేసింది. అమెరికాలో అచ్చయిన ఆ పుస్తకం గురించి దాన్ని రాసిన ఊళ్లో ఇంత తక్కువగా మాట్లాడుకోవడం నాకు బాధగా ఉంటుంది.

1960లలో భగవంతం రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. ఆ కాలంలోనే, 1963లో, హైదరాబాదులో రక్షణ లోహ పరిశోధనాలయం డీఎంఆర్‌ఎల్ వచ్చింది. అక్కడ తయారైన 60 ఏకస్ఫటిక టర్బైన్ బ్లేడ్లు 2021లో హెలికాప్టర్ ఇంజిన్ కోసం విమానాల తయారీ సంస్థ హెచ్‌ఏఎల్‌కు చేరాయి. మామూలు లోహంలో లెక్కలేనన్ని చిన్న స్ఫటికాలు అతుక్కుని ఉంటాయి. విపరీతమైన వేడిలో ఆ అతుకుల దగ్గరే లోహం సాగి, పగులుతుంది. బ్లేడంతా ఒకే స్ఫటికమైతే అతుకే లేదు. అయితే దిశ తప్పకూడదు. బ్లేడులో ప్రధాన లోహమైన నికెల్ ఘన వ్యవస్థలోదే అయినా, ఘనంలో ఎదురెదురు మూలల గుండా పోయే దిశలో దాని బిగువు అంచుల వెంబడి ఉన్న బిగువుకు రెట్టింపు పైచిలుకు. వేడికి వ్యాకోచించినప్పుడు ఒత్తిడి తక్కువగా ఉండాలని, బ్లేడు పొడవును బిగువు తక్కువున్న అంచు దిశలోనే పెంచుతారు.

చెంగిచెర్లకు పొరుగునే ఉన్న చర్లపల్లిలోని ఎలక్ట్రానిక్స్ పదార్థాల పరిశోధన సంస్థ సీ-మెట్‌లో ఇప్పుడు ఎలక్ట్రానిక్స్‌కు కావలసిన అతిశుద్ధ లోహాలతో పాటు సిలికాన్ కార్బైడ్ ఏకస్ఫటికాల మీదా పని జరుగుతోంది. ఎక్కువ వోల్టేజీని, ఎక్కువ వేడిని సిలికాన్ కన్నా బాగా తట్టుకునే పదార్థం అది.