చిట్టా రాసిందెవరు?

మూడేళ్ళ క్రితం ఉద్యోగం మారేటప్పుడు నా మీద ఒక దొంగతనం కేసు ఉందని తెలిసింది. ఆ సంగతి నాకు చెప్పింది పోలీసులు కాదు, కొత్త కంపెనీ హెచ్‌ఆర్ వాళ్ళ మెయిల్. వాళ్ళు వెరిఫికేషన్ అప్పజెప్పిన ఏజెన్సీ కోర్టుల వెబ్‌సైట్లో నా పేరు కొట్టి చూసిందట. మా జిల్లాలోనే ఒక మేజిస్ట్రేటు కోర్టులో నా పేరు, మా నాన్న పేరుతో సహా ఒక ముద్దాయి ఉన్నాడు. వీధికి నలుగురు శ్రీనివాసరావులుండే జిల్లా మాది. ఇంటిపేరు కూడా కలవడం మాత్రం నా ఖర్మ.

ఆ కేసు పెట్టేనాటికి నేను ఎనిమిదో తరగతి. అది నిరూపించుకోవడానికి పందొమ్మిది రోజులు పట్టింది. పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, వంద రూపాయల స్టాంపు పేపరు మీద 'ఆ వ్యక్తిని నేను కాదు' అని నోటరీ చేయించిన అఫిడవిట్, అన్నీ పంపాను. "పెళ్ళి సంబంధాలకి కూడా ఇంత ఆరా తీయరు కదరా" అంది అమ్మ.

ఆ గొడవలో ఉండగానే అవతలి శ్రీనివాసరావు కేసు ఏమైందో చూశాను. ఎప్పుడో కొట్టేశారు. కానీ పేరు మాత్రం అక్కడే ఉంది. నేను తప్పించుకున్నాను సరే, అతను ఏ స్టాంపు పేపరు మీద 'ఆ వ్యక్తిని నేను కాదు' అని రాయగలడు?

అప్పట్నుంచీ ఈ చిట్టాల చరిత్ర చదువుతున్నాను.

మనిషి మాటని పక్కన పెట్టి అతని గుర్తుని కాగితం మీదికి ఎక్కించడంలో ఒక పెద్ద మలుపు మన దేశంలోనే జరిగింది. 1858లో బెంగాల్లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి, రోడ్డు కంకర సరఫరా చేసే రాజ్యధర్ కోనాయి అనే కాంట్రాక్టరు చేత ఒప్పందం వెనక అరచేతి ముద్ర వేయించాడు. రేపు ఈ సంతకం నాది కాదని అనకుండా ఉండటానికట. 1877లో హుగ్లీలో పింఛన్లకీ రిజిస్ట్రేషన్లకీ వేలిముద్రలు మొదలుపెట్టాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వచ్చింది. ఆ ముద్రల్ని వర్గీకరించే పద్ధతికి ఎడ్వర్డ్ హెన్రీ పేరు పెట్టారుగానీ, లెక్కల పని చాలావరకు చేసినవాళ్ళు ఆయన కింద పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్.

వేలిముద్ర చెప్పేది 'ఇతనెవరు' అన్న ఒక్క విషయమే. 'ఇతనెలాంటివాడు' అన్నది వేరే ప్రశ్న. దానికి తెల్లదొరలు ఎంచుకున్న జవాబు పుట్టుక. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చి, ఉత్తరాదిలో కొన్ని కులాల్నీ తెగల్నీ మొత్తంగా నేరస్తులని ప్రకటించారు. 1911 చట్టంతో ఇది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. గెజెట్లో తెగ పేరు పడితే చాలు. మేజిస్ట్రేటు రిజిస్టరు తయారుచేస్తాడు. పేరు ఎక్కినవాళ్ళు వచ్చి వేలిముద్రలు వేయాలి, ఊరు మారితే చెప్పాలి, పిలిచినప్పుడు హాజరవ్వాలి. ఆ గెజెట్ ప్రకటన చెల్లుతుందా అని కోర్టు అడగడానికి వీల్లేదు. ఏం చేశావన్న ప్రశ్నే లేదు, ఎవరికి పుట్టావన్నదే నేరం.

మా వైపు వాళ్ళకి దీని గురించి పుస్తకం అక్కర్లేదు. బాపట్ల దాటి చీరాల వైపు వచ్చే రైల్లో స్టువర్టుపురం స్టేషన్ వస్తుంది. నా చిన్నప్పుడు ఆ స్టేషన్ దగ్గర పడుతోందంటే పెద్దవాళ్ళు సామాన్లు కాళ్ళ దగ్గరికి లాక్కునేవాళ్ళు. నేనూ బ్యాగు ఒళ్ళో పెట్టుకున్నాను. ఎందుకని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ ఊరు 1910లలో వెలిసిన సెటిల్మెంటు. సర్కారు ఇచ్చిన భూమిలో ఎరుకల కుటుంబాలను తెచ్చి పెట్టి, సాల్వేషన్ ఆర్మీకి అప్పజెప్పారు. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ అనే పెద్ద అధికారి పేరు ఊరికి పెట్టారు. ఊరు దాటాలంటే పాసు కావాలి, హాజరు పలకాలి. అంతకుముందు వీళ్ళు ఏం చేసేవాళ్ళు? మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి తవ్వి చూపించింది: కోస్తా నుంచి ఉప్పు ఎడ్ల మీదా గాడిదల మీదా ఎక్కించుకుని లోపలి ఊళ్ళకి తీసుకెళ్ళి, ధాన్యం తెచ్చుకునేవాళ్ళు. రైళ్ళొచ్చాయి, ఉప్పు మీద సర్కారు పెత్తనం వచ్చింది, ఆ వ్యాపారం పోయింది. రోడ్ల మీద తిరిగే వ్యాపారులు రికార్డుల్లో 'తిరుగుబోతు నేరస్తులు' అయిపోయారు. వాళ్ళు ఉప్పు మోసిన సంగతి పోలీసు రిజిస్టర్లో లేదు.

మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టం 1947లోనే రద్దయింది, దేశమంతటా 1952లో. కానీ చట్టం పోయినంత తేలిగ్గా కాగితం పోదు. 1991లో 'స్టువర్టుపురం పోలీస్‌స్టేషన్', 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' అని సినిమాలొచ్చాయి. చిరంజీవి సినిమా టైటిల్లో ఊరి పేరు వినగానే ప్రేక్షకుడికి కథ సగం తెలిసిపోయిందంటే, ఆ చిట్టా మనందరి బుర్రల్లో ఎక్కి కూర్చుందనేగా.

ఇంతకీ చిట్టాలో పేరున్న మనిషి ఎప్పుడైనా ఎదురు తిరిగాడా? తిరిగాడు. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయన్ని 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేశాక హిస్టరీ షీట్ తెరిచారు. పోలీసులు రాత్రిళ్ళు వచ్చి తలుపు కొట్టి 'ఉన్నావా' అని అరిచేవాళ్ళు. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 1962 డిసెంబరులో ఆరుగురు జడ్జీలు తీర్పు చెప్పారు. రాత్రిపూట ఇంట్లోకి రావడం తప్పన్నారు. కానీ ఎక్కువమంది, వెనకాల నిఘా పెట్టడంలో తప్పులేదు, ప్రైవసీ అనే ప్రాథమిక హక్కేదీ రాజ్యాంగంలో లేదు అన్నారు.

ఒప్పుకోనివాళ్ళు ఇద్దరు. వాళ్ళ తరఫున రాసింది రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు. వెంట చూపులు తగిలించి స్వేచ్ఛగా తిరగమంటే ఆ మనిషికి దేశమంతా జైలే కదా అన్నది ఆయన వాదన. మనిషి కాళ్ళకి సంకెళ్ళు లేకపోయినా మనసుకి పడతాయని ఆయనకి అర్థమైంది. అదప్పుడు మైనారిటీ తీర్పు, అంటే చెల్లని మాట. యాభై ఐదేళ్ళ తర్వాత, 2017 ఆగస్టులో, తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం ప్రైవసీ ప్రాథమిక హక్కేనని చెప్పి, ఖరక్ సింగ్ తీర్పులోని ఆ ముక్కని కొట్టేసింది. 2024 మేలో సుప్రీంకోర్టు ఇంకో కేసులో మళ్ళీ ఇదే దగ్గర ఆగింది. వెనకబడిన కులాలవాళ్ళ మీదా, ఎస్సీ, ఎస్టీల మీదా ఒకప్పటి దురభిప్రాయంతో హిస్టరీ షీట్లు యాంత్రికంగా రాసేస్తున్నారేమో చూసుకోండని రాష్ట్రాలన్నిటికీ చెప్పాల్సొచ్చింది.

అలాగని రికార్డులన్నీ మూసేయమని నేననను. ఎందుకంటే ఇదే దేశంలో ఇంకో రకం ఆరా కూడా ఉంది. ఓటు అడగడానికొచ్చే పెద్దమనిషి మీద ఏ కేసులున్నాయో ఓటరుకి తెలియాలని 2002 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. పార్టీల మధ్య మామూలుగా కుదరని ఏకాభిప్రాయం అప్పుడు చక్కగా కుదిరింది. చెప్పనక్కర్లేదంటూ చట్టం సవరించారు. 2003 మార్చిలో కోర్టు ఆ సవరణ చెల్లదంది. ఇవాళ మన ఎమ్మెల్యే అఫిడవిట్ ఫోన్లోనే చదువుకోవచ్చు.

రెండూ చిట్టాలే. కానీ ఎమ్మెల్యే చిట్టా ఆయనే రాసి సంతకం పెడతాడు. పైనుంచి కిందికి కాదు, కిందివాళ్ళు పైవాడి గురించి చదువుతారు. హిస్టరీ షీట్ రాసేది పోలీసు, చదివేది పోలీసు. అందులో ఉన్న మనిషి దాన్ని చూడలేడు, తప్పుంటే దిద్దలేడు. కాబట్టి రికార్డు ఏం చెబుతోంది అనేకంటే ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి: ఇది రాసిందెవరు? ఎవరి గురించి? వాళ్ళకి జవాబు చెప్పే అవకాశం ఇచ్చారా?

కిందటి నెల మా ఫ్లాట్లో ఒక గది ఖాళీ అయింది. ఒకబ్బాయి చూసుకుని వెళ్ళాడు, ఆధార్ కాపీ వాట్సాప్‌లో పంపాడు. ఊరు చూశాను. మా వైపే, ఆ స్టేషనే. "భయ్యా, ఒకసారి కోర్టు సైట్లో పేరు కొట్టి చూడు" అన్నాడు నా రూమ్మేట్. అంతకుముందు వచ్చిన ముగ్గురి విషయంలో ఆ మాట అనలేదు. వాడికి నా పందొమ్మిది రోజుల సంగతి తెలుసు.

సిగ్గుపడే విషయం చెబుతాను. సైట్ తెరిచాను. సగం పేరు కొట్టాను కూడా. ఇల్లు కదా, జాగ్రత్త అవసరమే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. మిగతా ముగ్గురివీ ఎందుకు కొట్టలేదన్న ప్రశ్నకి మాత్రం జవాబు దొరకలేదు. ఆ కిటికీ మూసేసి, అబ్బాయికి ఫోన్ చేసి అడ్వాన్సు ఎప్పుడు పంపుతావని అడిగాను.

"రేపు పంపుతానన్నా" అన్నాడు. తర్వాత ఒక్క క్షణం ఆగి, "అన్నా, ఆధార్ చూశారా?" అన్నాడు.

చూశానన్నాను.