ఫిల్టరుకూ తలంటు

ఇంట్లో ఫిల్టరు ఉందంటే చాలు, మంచినీళ్ల బెంగ తీరిపోయిందనుకుంటాం. కానీ ఒక్క సంగతి ఆలోచించండి. పైన మడ్డినీళ్లు పోస్తాం, కింద తేటనీళ్లు పట్టుకుంటాం. మరి ఆ మడ్డి ఎక్కడికి పోయినట్టు? ఎక్కడికీ పోదు. ఫిల్టరు పొట్టలోనే కూర్చుంటుంది. ఎవరో ఒకరు దాన్ని కడిగి తీరాలి. వడపోత చరిత్రలో కనిపెట్టినవాళ్ల పేర్లున్నాయి గానీ, కడిగినవాళ్ల పేర్లు మాత్రం కనిపించవు. ఆ కడిగినవాళ్లెవరో మీకూ నాకూ తెలుసు!

మన పాతకాలపు ఉపాయం చిల్లగింజ. వేసవిలో నుయ్యి అడుగంటి నీళ్లు మడ్డిగా వస్తే, ఈ గింజను కుండ లోపలి గోడకు అరగదీసి నీళ్లు పోసేవారు. కాసేపటికి మడ్డంతా అడుగుకు దిగేది. సంస్కృతంలో దీని పేరు కతకం. నీళ్లను తేర్చే వస్తువుల్లో దీన్ని సుశ్రుతసంహిత చెప్పింది. మనుస్మృతిలోనూ ఒక పోలిక ఉంది: ఈ గింజ నీళ్లను తేర్చేదే అయినా, దాని పేరు తలుచుకున్నంత మాత్రాన నీళ్లు తేరవని. గింజ ఇంట్లో ఉంటే చాలదు, అరగదీసే చెయ్యీ ఉండాలని ఆనాడే తెలుసన్నమాట.

తర్వాత కుండ మీద కుండ. పై కుండలో బొగ్గు, దాని కింద ఇసుక, గులకరాళ్లు, అట్టడుగు కుండలో తాగే నీళ్లు. బొగ్గు వాసనను పీల్చుకుంటుంది. కానీ దాని కడుపు నిండాక ఇంకేమీ పీల్చదు. బొగ్గు మార్చాలి, ఇసుక కడిగి ఎండబెట్టాలి. లేకపోతే నీళ్లు శుభ్రపడడం మాట అటుంచి, పాచి పడతాయి.

ఇక గుడ్డ సంగతి. నారికురుపు పేరు మన పెద్దవాళ్లు వినే ఉంటారు. దిగుడుబావిలో కాలు పెట్టిన రోగి పుండునుంచి పిల్లపురుగులు నీళ్లలో పడి, కంటికి ఆనీ ఆనని నీటిపురుగుల్లో చేరేవి. ఆ నీళ్లు తాగినవాళ్ల ఒంట్లో ఏడాదిపాటు పెరిగి, కాలు చీల్చుకుని మూరెడుకు పైగా పొడుగున బయటికొచ్చేవి. ఆంధ్రప్రదేశ్ కూడా దీని బాధ పడ్డ రాష్ట్రమే. 1980ల్లో దేశమంతటా దీన్ని తుడిచిపెట్టే కార్యక్రమం మొదలైంది. ఊళ్లలో ఆడవాళ్లకు నేర్పిన ముఖ్యమైన పాఠం సన్నని గుడ్డతో నీళ్లు వడకట్టుకోవడమే. అందులోనూ ఒక కిటుకు: రోజూ గుడ్డ ఒకే వైపు పైకుండాలి. తిరగేసి కట్టారో, నిన్న ఆపిన పురుగులన్నీ ఇవాళ బిందెలోకి! మనదేశంలో చివరి కేసు 1996లో కనబడింది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మనకు విముక్తి పత్రం ఇచ్చింది.

మనం కాండిల్ అని పిలిచే పింగాణీ గొట్టానికి వెనక 1884 నాటి ఫ్రాన్సు ఉంది. పాశ్చర్ దగ్గర పనిచేసిన షాంబర్లాన్ సూక్ష్మజీవులను ఆపే పింగాణీ వడపోత తయారుచేశాడు. అయితే కడగకుండా వదిలేస్తే ఆ జీవులే గొట్టం గోడలో పెరిగి అవతలికి వస్తాయని త్వరలోనే తేలింది. అందుకే మెత్తని బ్రష్‌తో రుద్దడం, మరిగించడం. తలంటే గానీ సబ్బు వద్దు సుమండీ! చుక్క నెమ్మదిస్తే కాండిల్ తలంటు అడుగుతోందని అర్థం. ఉన్నట్టుండి చుక్క వేగం పెరిగితే 'ఇవాళ భలే పనిచేస్తోందే' అని మురిసిపోకండి. కాండిల్ బీటలిచ్చిందేమో చూడండి. బీటలిచ్చినదాన్ని కడిగి లాభం లేదు, మార్చాల్సిందే.

అయితే కాండిల్ ఆపలేనిదీ ఒకటుంది. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో పళ్లు గారపట్టి, ఎముకలు బిగుసుకుపోయినవాళ్ల గురించి డాక్టర్లు రాశారు. కారణం బావినీళ్లలో కరిగున్న ఫ్లోరైడు. మరిగిస్తే అది పోదు సరికదా, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. 1970ల్లో నాగపూర్ 'నీరీ' సంస్థ పటిక, సున్నంతో దాన్ని తగ్గించే పద్ధతి రూపొందించి నల్గొండ పేరే పెట్టింది. ఇంట్లో బకెట్టులోనే చేసుకోవచ్చు. తర్వాత అల్యూమినా ఫిల్టర్లు, ఆర్.ఓ. మిషన్లు వచ్చాయి.

అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి. కాండిల్ అలిసిపోతే చుక్క ఆపి చెబుతుంది. అల్యూమినా అలిసిపోయినా ధార తగ్గదు, నీళ్ల రంగు మారదు, రుచీ మారదు. ఫ్లోరైడు మాత్రం నేరుగా పిల్లల గ్లాసులోకి దిగుతుంది. నీళ్లు పరీక్ష చేయిస్తే తప్ప తెలియదు.

కాబట్టి వంటింటి కాలెండర్లో పాలలెక్క పక్కనే ఫిల్టరు లెక్కా రాయండి: ఎప్పుడు కడిగాం, ఎప్పుడు మార్చాం, ఎప్పుడు పరీక్ష చేయించాం. రాయడం మీ వంతైతే, కడగడం ఇంట్లో ఇంకొకరి వంతు చెయ్యండి. నీళ్లు తాగేది అందరూ కదా!