ఊరి మాట మండలం దాకా: సర్పంచ్ ఓటు ఎక్కడ పోయింది?

ఇవాళ ఓ చిన్న ప్రశ్నతో మొదలుపెడతాను. మీ ఊళ్ళో మంచినీళ్ళ బోరు పాడైంది. మండల పరిషత్ మీటింగులో ఆ మాట ఎత్తేది ఎవరు? చాలామంది సర్పంచ్ అంటారు. నిజమే, సర్పంచ్ ఆ మీటింగుకి వెళ్ళొచ్చు, మాట్లాడొచ్చు. కానీ ఓటు లేదు. ఎందుకిలా అయిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

బ్రిటిష్ కాలంలో ఆంధ్ర జిల్లాల్లో జిల్లా బోర్డులుండేవి. పన్ను కట్టే ఆస్తిపరులదే అక్కడ ఓటు. కూలి చేసుకునేవాడికి ఆ బోర్డుతో సంబంధమే లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక, 1957లో బల్వంతరాయ్ మెహతా కమిటీ మూడంచెల పద్ధతి చెప్పింది: ఊరు, సమితి, జిల్లా. 1959 అక్టోబర్ 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో నెహ్రూ దాన్ని ప్రారంభించారు. అదే ఏడాది షాద్‌నగర్‌లో మన రాష్ట్రం వంతు వచ్చింది.

సమితిలో సర్పంచులే సభ్యులు. అధ్యక్షుణ్ణి ఎన్నుకునేదీ వాళ్ళే. మా తాతగారు అప్పట్లో వెయ్యి జనాభా కూడా లేని ఊరికి సర్పంచ్. అయినా ఆయన ఓటూ, ఐదు వేల జనం ఉన్న పక్క ఊరి సర్పంచ్ ఓటూ ఒకటే. అందుకే ఎన్నికలొస్తే మా ఇంటి ముందు కారు ఆగేది. ఆ కారే ఆయన్ని క్యాంపుకీ తీసుకెళ్ళేది! "పది రోజులు మీ తాతని దాచారు గానీ, ఊరికి రోడ్డు మాత్రం వెయ్యలేదురా" అని మా నాయనమ్మ నవ్వుతూ చెప్పేది. ఆ పద్ధతిలోని బలమూ, రోగమూ రెండూ ఆ మాటలోనే ఉన్నాయి. ఓటర్లు కొద్దిమందే కాబట్టి చిన్న ఊరికి విలువుండేది. ఓటర్లు కొద్దిమందే కాబట్టి వాళ్ళని కొనడమూ తేలికే.

ఎన్టీఆర్ ప్రభుత్వం దీన్ని మార్చింది. 1985లో మండలాలొచ్చాయి. సుమారు 330 సమితులుండే చోట 1,100 దాకా మండలాలు. ఆఫీసు ఊరికి దగ్గరైంది. 1987లో మండలాధ్యక్షుణ్ణీ, జిల్లా పరిషత్ ఛైర్మన్‌నీ జనమే నేరుగా ఎన్నుకున్నారు. సర్పంచులు మండలంలో సభ్యులుగానే ఉన్నారు.

తర్వాత 73వ రాజ్యాంగ సవరణ. 1993 ఏప్రిల్ 24 నుంచి అమలు. స్త్రీలకి మూడో వంతు సీట్లు, ఎస్సీ ఎస్టీలకి జనాభాని బట్టి సీట్లు. ఇది మామూలు మార్పు కాదండీ. జిల్లా బోర్డు గడప తొక్కలేనివాళ్ళ మనవరాళ్ళు అధ్యక్షుల కుర్చీలో కూర్చున్నారు. కానీ అధ్యక్షుణ్ణి మళ్ళీ సభ్యులే ఎన్నుకోవాలి. అంటే క్యాంపులు తిరిగొచ్చాయి.

మన 1994 చట్టంతో ఎంపీటీసీలు వచ్చారు. మూడు, నాలుగు వేల జనాభాకి ఒకరు. చిన్న ఊళ్ళు రెండు మూడు కలిస్తే ఒక ఎంపీటీసీ. సర్పంచ్ మాత్రం "శాశ్వత ఆహ్వానితుడు" అయ్యాడు.

రాజ్యాంగం సర్పంచ్‌ని వద్దనలేదు. 243-సి అధికరణం ప్రకారం మండలంలో సర్పంచులకి స్థానం రాష్ట్రం ఇవ్వొచ్చు. సభ్యుడైతే ఓటూ ఉంటుంది. ఎమ్మెల్యేకి సభ్యత్వమిచ్చిన మన చట్టం సర్పంచ్‌ని పిలిచి కుర్చీ వేసి ఊరుకుంది.

పాత సమితి మళ్ళీ రావాలని నేననను. రిజర్వేషన్లు పోగొట్టుకునే మాటే లేదు. చిన్న ఊరి సర్పంచ్‌కి ఓటు కూడా ఇమ్మంటున్నాను, అంతే. బోరు పాడైతే జనం బిందెలతో నిలబడేది ఆయన ఇంటి ముందే కదా!

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.