తడబాటుకు పడిన ఓటు

మాఫియా ఆట పుట్టిల్లు మాస్కో. 1986-87 ప్రాంతంలో అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయపు మనస్తత్వశాస్త్ర విభాగంలో దిమిత్రీ దవీదోవ్ దీన్ని రూపొందించాడు. 1997లో ఆండ్రూ ప్లాట్కిన్ ఇందులోని హంతకులను తోడేలు మనుషులుగా మార్చాడు. వేషం మారినా కిటుకు ఒక్కటే. ఆటలోని రాత్రి అందరూ కళ్ళు మూసుకుంటే, ఒకరినొకరు ఎరిగిన కొద్దిమంది హంతకులు కళ్ళు తెరచి ఒకరిని ఎంచి చంపుతారు. పగలు అందరూ వాదించుకొని, అనుమానితుణ్ణి ఓటుతో వెళ్ళగొడతారు.

ఒకసారి నా బాల్యమిత్రుడు మాట తడబడ్డాడు. దొంగ దొరికాడని వాదించి, అందరిచేతా ఓటు వేయించాను. తీరా అతడు నిర్దోషి! చేయని తప్పు మోపినా తడబడటం అతనికి బడినాటి నుంచీ ఉన్నదే. ఆ సంగతి ఆ గదిలో నాకొక్కడికే తెలుసు.

మిత్రులారా, బొంకును పసిగట్టడం అటుంచండి. గుంపులో చేరాక కూడా ఎరిగిన స్నేహితుణ్ణి మరచిపోకపోవడమే ఈ ఆటలో కష్టం.