విక్టోరియా క్రాస్ ఒకరికి.. మరి ఆ ఏడుగురి పేర్లు ఎక్కడ?

ఎప్పటిలాగే ఘట్‌కేసర్ నుంచి మాట్లాడుతున్నా. పోయిన ఆదివారం బైక్ తీసుకుని బొల్లారం పోయినా. రాష్ట్రపతి నిలయం ఉంటది గదా, ఆ బొల్లారం. అక్కడ హోలీ ట్రినిటీ చర్చి అని ఒకటి ఉంది, 1847లో కట్టింది. 1983 నవంబర్ 20న, తన పెళ్లిరోజు నాడు, ఎలిజబెత్ రాణి భర్తతో కలిసి ఈ చర్చికే వచ్చింది. ఈ ముచ్చట చాలామందికి తెలుసు.

కానీ ఈ రోజు మన టాపిక్ రాణి గురించి కాదు. ఈ ఏరియాలో అసలు ఇంగ్లిష్ దొరలు ఎందుకు ఉన్నారు, వాళ్లలో ఒక ఆఫీసర్‌కి విక్టోరియా క్రాస్ ఎలా వచ్చింది, ఆయన ఇంట్లో వాళ్లు ఏమయ్యారు, ఆయన పక్కన గుర్రాల మీద పోయిన మనవాళ్లు ఏమయ్యారు అనేది చూద్దాం. స్కిప్ చేయకుండా చివరిదాకా చూడండి.

ముందు బ్యాక్‌గ్రౌండ్. బొల్లారం అప్పట్లో 'హైదరాబాద్ కాంటింజెంట్' అనే సైన్యానికి హెడ్‌క్వార్టర్స్. ఈ సైన్యం పేరుకు నిజాంది. జీతం నిజాం ఖజానా నుంచి పోవాలి, ఆర్డర్లు మాత్రం ఇంగ్లిష్ ఆఫీసర్లవి. జీతాలు ఆలస్యమై బాకీ పెరిగిపోయింది. 1853లో కంపెనీ ఒక ఒప్పందం రాయించుకుని, నిజాం చేతిలోంచి బేరార్ ప్రాంతాన్ని తీసుకుంది. అక్కడి శిస్తు డబ్బుతో ఈ సైన్యాన్ని నడిపారు. అంటే సింపుల్‌గా చెప్పాలంటే, రైతు కట్టిన పైసలతో నడిచే సైన్యం, కానీ రిమోట్ ఇంకొకరి చేతిలో.

ఇప్పుడు మన ఆఫీసర్ దగ్గరికి వద్దాం. పేరు హెర్బర్ట్ మాక్‌వర్త్ క్లాగ్‌స్టన్. పుట్టింది ఇంగ్లండ్‌లో కూడా కాదు, 1820లో వెస్టిండీస్‌లోని ట్రినిడాడ్‌లో, పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో. మద్రాస్ సైన్యంలో 19వ పదాతి దళం ఆఫీసర్. తర్వాత హైదరాబాద్ కాంటింజెంట్ రెండో కావల్రీలో, అంటే గుర్రపు దళంలో పనిచేశాడు.

1857 తిరుగుబాటు ఢిల్లీలో అణిగిపోయినా, దక్కన్‌లో దాని వేడి వెంటనే తగ్గలేదు. 1859 జనవరి 15. ప్లేస్ చించంబా, ఇంగ్లిష్ రికార్డుల్లో చిచుంబా. ఇప్పుడు మహారాష్ట్రలో, హింగోలికి అవతల ఉంటది. అక్కడ ఒక రోహిల్లా దండు. ఇంగ్లిష్ వాళ్లు 'తిరుగుబాటుదారులు' అని రాసుకున్నారు. ఆ దండు దోచుకున్న సొమ్ముతో ఊళ్లోంచి బయటికి వస్తోంది. క్లాగ్‌స్టన్ దగ్గర ఉన్నది ఎనిమిది మంది రౌతులు. ఎనిమిదంటే ఎనిమిదే! అయినా గుర్రాలు దౌడు తీయించి మీద పడ్డారు. ఆ దండు మళ్లీ ఊళ్లోకి వెనక్కి పోవాల్సి వచ్చింది, చివరికి సొమ్ము వదిలేసుకుంది. క్లాగ్‌స్టన్‌కి తీవ్ర గాయాలు. ఎనిమిది మందిలో ఏడుగురిని పోగొట్టుకున్నాడు.

అదే ఏడాది అక్టోబర్‌లో ఆయనకి విక్టోరియా క్రాస్ ప్రకటించారు. మన దగ్గర పరమవీర చక్ర ఎట్లనో, వాళ్లకి ఇది అట్ల. ఆ ప్రకటనలో ఎనిమిది మంది అని ఉంది, ఏడుగురు అని ఉంది. పేర్లు లేవు.

సరే, ఇప్పుడు ఆయన ఫ్యామిలీ చూద్దాం. ఇక్కడే కథ మళ్లీ బొల్లారం వస్తది. ఆయన భార్య మేరీ జూలియా. ఆమె తండ్రి కొలిన్ మెకంజీ, ఈయన కూడా కాంటింజెంట్‌లో బ్రిగేడియరే. 1855 మొహర్రం టైంలో బొల్లారంలో ఊరేగింపు విషయంలో పెద్ద గొడవైంది. మూడో కావల్రీ రౌతులే ఈ మెకంజీని కత్తులతో నరికారు. చచ్చి బతికాడు. ఆయన ఆ గొడవని సరిగ్గా హ్యాండిల్ చేయలేదని తర్వాత విమర్శలు కూడా వచ్చాయి. చూడండి, ఒకే సైన్యం! మామని సొంత రౌతులు నరికారు, నాలుగేళ్లకి అల్లుడి వెంట రౌతులు ప్రాణాలకు తెగించి పోయారు. ఆ రౌతులంటే నమ్మినబంట్లు అనో, ద్రోహులు అనో ఒక్క మాటలో తేల్చేయలేం.

క్లాగ్‌స్టన్ ఆ పతకాన్ని ఎక్కువ కాలం పెట్టుకోలేదు. 1862 మే 6న హింగోలి దగ్గర పోరులోనే చనిపోయాడు. వయసు 41. తర్వాత తల్లి కూడా లేక ఆడపిల్లలు అనాథలయ్యారు. వాళ్లని ఎవరు చూసుకున్నారో తెలుసా? వాళ్ల చిన్నమ్మమ్మ జూలియా మార్గరెట్ కామెరాన్. కలకత్తాలో పుట్టి, 48 ఏళ్ల వయసులో కెమెరా పట్టి, ప్రపంచ ఫొటోగ్రఫీ చరిత్రలో నిలిచిపోయిన ఆవిడ. రచయిత్రి వర్జీనియా వుల్ఫ్‌ది కూడా ఇదే కుటుంబం. వుల్ఫ్ తల్లి, క్లాగ్‌స్టన్ భార్య అక్కాచెల్లెళ్ల పిల్లలు.

ఆ పిల్లల్లో ఒకరు అడెలిన్. 1872లో పదేళ్లకే చనిపోయింది. ఆ పాప మంచం మీద కళ్లు మూసుకుని ఉన్న ఫొటోలు కామెరాన్ తీసింది, ఇప్పటికీ ఉన్నాయి. ఫోన్‌లో అవి చూసినప్పుడు నిజంగా గుండె బరువెక్కింది. తండ్రి పోయిన ఏడాదే పుట్టిన పాప అది. ఇంకో కూతురు బ్లాంచ్‌ని జి. ఎఫ్. వాట్స్ అనే ఫేమస్ పెయింటర్ పెంచుకున్నాడు. ఆమె కొడుకు ఆర్థర్ లార్డ్ సోమర్స్ అయ్యాడు. 1926 నుంచి 1931 దాకా ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రానికి గవర్నర్. బేడెన్ పావెల్ తర్వాత చీఫ్ స్కౌట్ కూడా ఈయనే.

నాది సాఫ్ట్‌వేర్ బుర్ర గదా, నాకు ఇదంతా ఒక డేటాబేస్ లాగా కనిపిస్తది. క్లాగ్‌స్టన్ అని కొడితే భార్య, మామ, కూతుళ్లు, మనవడు, ఫొటోలు అన్నీ ఒకదానికొకటి లింక్ అయి వచ్చేస్తాయి. అదే రోజు, అదే మైదానంలో, అదే పని చేసిన ఏడుగురిని వెతికితే పేరు అనే కాలమే ఖాళీ.

ఎందుకు ఖాళీ? రూల్సే అట్ల ఉండె. విక్టోరియా క్రాస్ 1856లో పెట్టారు. 1857లో కంపెనీ సైన్యంలోని యూరోపియన్లకీ వర్తింపజేశారు. భారతీయ సిపాయిలకి మాత్రం ఇవ్వలేదు. వాళ్లకి 'ఆర్డర్ ఆఫ్ మెరిట్' అని వేరే ఉండేది, 1837 నుంచి. భారతీయులకు విక్టోరియా క్రాస్ తలుపు తెరిచింది 1911 ఢిల్లీ దర్బార్‌లో. మొదట అందుకున్నది ఖుదాదాద్ ఖాన్, 1914లో బెల్జియంలో చేసిన పోరాటానికి. అంటే చించంబా తర్వాత 50 ఏళ్లకు పైనే!

ఇంకో విషయం. ఈ కావల్రీ 'సిల్లాదారీ' పద్ధతిలో నడిచేది. అంటే గుర్రం సర్కారు ఇవ్వదు. సిల్లాదారు తన సొంత గుర్రం తెచ్చుకోవాలి, లేదంటే ఇంకొకరి గుర్రం మీద బార్గీరుగా చేరాలి. ఇప్పుడు సొంత బైక్ పెట్టుకుని డెలివరీ చేస్తున్న మన దోస్తులని గుర్తు తెచ్చుకోండి. గుర్రం అంటే ఆ ఇంటి ఆస్తి. ఆస్తినీ, సంపాదించే మనిషినీ కలిపి పందెం పెట్టినట్టే.

కొందరు కామెంట్లలో అడుగుతారు, 'అన్నా, వాళ్లు బ్రిటిష్ వాళ్ల కోసమే గదా కొట్లాడింది, మనకెందుకు?' అని. కరెక్ట్ ప్రశ్నే. వాళ్లు మన స్వాతంత్ర్యం కోసం పోరాడారని నేను చెప్పట్లేదు. అవతల ఉన్నవాళ్లలో సామ్రాజ్యం మీద కోపంతో లేచినవాళ్లూ ఉండొచ్చు. కానీ ఆ పని తప్పో ఒప్పో చర్చించాలన్నా, ముందు ఆ మనుషులు ఎవరో తెలియాలి గదా! పేరు లేనివాణ్ని పొగడలేం, నిలదీయలేం కూడా.

ఆ దళం మాత్రం పోలేదు. రెండో కావల్రీ 1903లో 29వ లాన్సర్స్ అయింది. 1921లో 20వ దక్కన్ హార్స్‌తో కలిసిపోయింది. ఈ రోజు భారత సైన్యంలో ఉన్న దక్కన్ హార్స్ అదే. గుర్రాలు పోయి ట్యాంకులు వచ్చాయి. 1965 యుద్ధంలో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ ట్యాంకులని ఆపిన రెజిమెంట్లలో ఇదీ ఒకటి.

బొల్లారం నుంచి తిరిగొచ్చాక మా నానమ్మని అడిగా, 'నీ తాత పేరేంది?' అని. చాలాసేపు ఆలోచించింది. 'గుర్తు లేదు బిడ్డా, అందరూ పటేలా అని పిల్చేటోళ్లు' అంది. లండన్ నుంచి మెల్‌బోర్న్ దాకా ఒక ఆఫీసర్ వంశం మొత్తం నా ఫోన్‌లో దొరికింది, నా సొంత ముత్తాతల పేర్లు దొరకలేదు.

అందుకే ఈసారి లైక్ కొట్టకపోయినా పర్లేదు. మీ ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్లకి గుర్తున్న పేర్లన్నీ ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. నేను నానమ్మతో ఇప్పటికి పదకొండు పేర్లు రాయించినా. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి.