గేరి నుంచి యూనివర్సిటీ దాకా: దత్తమండలాల్లో దళితుల పఠనం

కర్నూలు, కడప జిల్లాల నుంచి పీజీకి వచ్చిన దళిత విద్యార్థి గురించి క్లాసురూముల్లో తరచూ వినబడే మాట ఒకటుంది: 'వీళ్లకు పుస్తకం చదవడం రాదు.' దీన్ని ప్రతిభ సమస్యగా చూడ్డానికి మేం ఒప్పుకోం. దీనికో చరిత్ర ఉంది.

1820లో కడపకొచ్చిన సి.పి. బ్రౌన్ తాళపత్రాలు సేకరించి, పండితులకు జీతాలిచ్చి గ్రంథాలు పరిష్కరింపజేశాడు. 1829లో వేమన పద్యాలు అచ్చువేయించాడు. కులాన్ని ఎండగట్టిన వేమన అచ్చులోకొచ్చినా గేరి దాకా రాలేదు. గేరిలోకి అక్షరం మిషన్ల దారిన వచ్చింది. కడప, జమ్మలమడుగుల్లో లండన్ మిషన్, నంద్యాల, ముత్యాలపాడుల్లో ఎస్.పి.జి., కర్నూలులో బాప్టిస్టులు బడులు పెట్టారు. ఒకరు పైకి చదవడం, పదిమంది విని అర్థం చెప్పుకోవడం ప్రార్థన కూటాల్లో అలవాటైంది. వేదవాక్యాన్ని ప్రశ్నించే వీల్లేకున్నా, కూడి చదవడం మనవాళ్లకు అట్లా అబ్బింది.

కర్నూలు దగ్గర పెదపాడులో 1921లో మాల కుటుంబంలో పుట్టిన దామోదరం సంజీవయ్య అనంతపురం దత్తమండల కాలేజీలో చదివి, మద్రాసులో లా పూర్తిచేసి, 1960లో ముఖ్యమంత్రి అయ్యాడు. ఆయన్ను చూపి 'కష్టపడితే రాదా?' అంటుంటారు. ఒక్కడు ఈది దాటిన ఏటికి వంతెన అక్కర్లేదనడం ఏం న్యాయం?

1968లో తెలుగు అకాడమి ఏర్పడి, డిగ్రీ దాకా తెలుగులో పాఠ్యపుస్తకాలొచ్చాయి. అది లేకుంటే మావాళ్లలో చాలామందికి డిగ్రీ దక్కేదే కాదు. అయితే డిగ్రీలో చదివింది డిక్టేషన్ నోట్సు, గైడ్లు. పీజీలో చేతికిచ్చింది ఇంగ్లీషు పుస్తకాల పట్టీ. మధ్యలో చదవడమెట్లాగో నేర్పినోళ్లు లేరు. 2006లో కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం, 2008లో కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం వచ్చి దూరం తగ్గించాయి. 2021లో డిగ్రీనే ఇంగ్లీషు మీడియం చేయాలని ప్రభుత్వం నిర్ణయించింది. దాంతో పీజీలో తగిలే గోడ డిగ్రీ మొదటి రోజునే తగులుతోంది.

మేం అడిగేది ఇది. కూడి చదివే పద్ధతిని హాస్టళ్లకు, క్లాసులకు తేవాలి. నలుగురు కలిసి ఒక అధ్యాయం పట్టాలి. ముందు శీర్షికలు, మొదటి పేరా, చివరి పేరా చూడాలి. ప్రతి మాటకూ డిక్షనరీ తీయకుండా, అడ్డం పడిన మాటలే రాసుకోవాలి. రచయిత ఏమంటున్నాడో రెండు వాక్యాల్లో తెలుగులో చెప్పుకోవాలి. దానికి ఆధారమేంటి? అందులో మన వాడ ఎక్కడుంది? ఈ ప్రశ్నలు తేలాక ఇంగ్లీషులో రాయాలి. మొదటి సెమిస్టర్లోనే దీనికి టైంటేబుల్లో గంటలు, మార్కులు ఉండాలి.

గజిటీర్లలో, మిషన్ రిపోర్టుల్లో మన తాతముత్తాతల గురించి ఎవరెవరో రాశారు. వాటిని ఎదురు ప్రశ్నవేసి చదవలేకపోతే మన చరిత్ర వాళ్ల మాటల్లోనే మిగిలిపోతుంది.