కంచు బొమ్మ నల్లగా ఉందని చింతపండుతో తోముతున్నారా? జపాన్ కంచులో ఆ నలుపే అసలు విలువ!

కొనకనమిట్ల అయినా, పొదిలి అయినా, మార్కాపురం అయినా.. కంచు గిన్నె కాస్త నల్లబడితే ఇంట్లో పెద్దవాళ్లు ముందు వెతికేది చింతపండే. నాలుగు రుద్దులు రుద్దితే తళతళా మెరుస్తుంది. గిన్నెల వరకు ఓకే. కానీ పాత జపాన్ కంచు బొమ్మనో, పూలకూజానో అలా తోమితే వందేళ్ల పనితనం నీళ్లపాలే. ఎందుకంటే ఆ నలుపు మురికి కాదు.. కళాకారుడు కావాలని తెప్పించిన రంగు.

కత్తుల పని పోయింది.. కొత్త కళ వెలిగింది

జపాన్‌లో 1868 నుంచి 1912 వరకు మెయిజీ యుగం. 1876లో సమురాయ్‌లు బయట కత్తి ధరించడంపై ప్రభుత్వం నిషేధం పెట్టింది. దాంతో కత్తి పిడులకు లోహపు నగిషీలు చేసేవాళ్ల ఉపాధి దెబ్బతింది. వాళ్లలో చాలామంది విదేశీ మార్కెట్ కోసం కూజాలు, ధూపపాత్రలు, పక్షులు, జంతువుల బొమ్మల వైపు మళ్లారు. 1893 షికాగో ప్రదర్శనలో సుజుకి చోకిచి చేసిన 12 లోహపు డేగలు ఈ కాలం పనితనానికి పెద్ద ఉదాహరణ.

ఆ రంగు ఎలా వస్తుంది?

మైనంతో బొమ్మ చేసి, చుట్టూ మట్టి మూస కట్టి కాలుస్తారు. మైనం కరిగి పోయిన ఖాళీలో కరిగిన కంచు పోస్తారు. మన పంచలోహ విగ్రహాలు పోసేదీ ఇలాగే. తేడా అంతా ఆ తర్వాతే. మనం మెరుపు కోరుకుంటే, జపాన్ పనివాళ్లు వేడి, రసాయనాలతో పైపొరకు గోధుమ, ఆకుపచ్చ, నలుపు రంగులు తెప్పించారు. రాగిలో కొద్దిగా బంగారం కలిపి చేసే ‘షకుడో’ లోహాన్ని రసాయన ద్రావణంలో ఉడికిస్తే నీలం కలిసిన నలుపు తేలుతుంది. ఆ పొర చాలా పలుచన. పులుపు తగిలితే పాడవుతుంది.

హైదరాబాద్‌లోనే చూడొచ్చు

జపాన్ దాకా వెళ్లక్కర్లేదు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889-1949) సేకరణతో 1951లో మొదలైన సాలార్‌జంగ్ మ్యూజియంలో జపాన్ కంచు వస్తువులు, పింగాణీ, సమురాయ్ కత్తులు ఉన్నాయి.

ఇంట్లో పాత వస్తువు ఉంటే..

* చింతపండు, నిమ్మకాయ, పాలిష్ వాడొద్దు. మెత్తటి పొడి బట్టతో దుమ్ము తుడిస్తే చాలు.
* అడుగున చూడండి. చేసినవాళ్ల ముద్ర ఉండొచ్చు. అయితే ముద్ర ఒక్కటే అసలుకు గ్యారెంటీ కాదు.
* రంగు లేచిన చోట బూడిద రంగు లోహం కనిపిస్తే, అది కంచు రంగు పూసిన జింక్ బొమ్మ కావచ్చు.
* వందేళ్లు దాటిన కళాఖండాన్ని ప్రైవేట్ వ్యక్తులు విదేశాలకు పంపడం 1972 పురావస్తు చట్టం ప్రకారం నేరం.

పాత సామాన్ల వాళ్లకు తూకానికి వేసేముందు నిపుణులకు ఒక్కసారి చూపించండి. అమ్మేసింది మళ్లీ కొనుక్కోవచ్చేమో గానీ, తోమేసిన రంగు మాత్రం తిరిగి రాదు.